ప్రశ్న మీది... సమాధానం ఎవరిది?

సెల్‌ఫోన్‌తో క్షణాల్లో సమాచారం
అసలు నంబరుకు చేస్తేనే మేలు... అపరిచితులను నమ్మితే నష్టం

కర్నూలు: పత్తి ఆకులు ఎర్రబారుతున్నాయి, ఏ మందు చల్లాలి? కాచిగూడ రైలు ఎంత ఆలస్యంగా వస్తోంది? భవిష్యనిధి ఖాతాలో యజమాని ఈ నెల సొమ్ము జమ చేశారా? వలస వెళ్లిన ఊళ్లో రేషన్ ఇస్తారా? ఇవన్నీ ప్రతి ఇంటా తలెత్తే ప్రశ్నలే. ఒకప్పుడు వీటికి సమాధానం కావాలంటే ఒక పూట కూలి వదులుకుని, బస్సు ఛార్జీ పెట్టుకుని మండల కేంద్రానికో, జిల్లా కేంద్రానికో వెళ్లాల్సి వచ్చేది. వెళ్లినా సంబంధిత అధికారి సీట్లో ఉంటారన్న భరోసా లేదు. ఇప్పుడు జేబులోని సెల్‌ఫోనే ఆ పని చేసిపెడుతోంది.

అయితే ఇక్కడే ఒక చిక్కుంది. సమాధానం ఎంత వేగంగా వచ్చిందన్నదాని కంటే ఎవరి నుంచి వచ్చిందన్నది ముఖ్యం. సరైన నంబరుకు ఫోన్ చేసిన రైతు పంటను దక్కించుకుంటాడు. అంతర్జాలంలో ముందుగా కనిపించిన నంబరుకు ఫోన్ చేసిన వినియోగదారుడు బ్యాంకు ఖాతానే ఖాళీ చేసుకునే ప్రమాదముంది. అందుకే ఏ ప్రశ్న ఎవరిని అడగాలో, ఎలా అడగాలో ప్రతి కుటుంబమూ తెలుసుకుని ఉండాలి.

స్మార్ట్‌ఫోన్ లేకున్నా...

సమాచారం పొందాలంటే ఖరీదైన ఫోన్, ఇంటర్నెట్ ఉండి తీరాలన్నది అపోహ. బటన్లున్న సాధారణ సెల్‌ఫోన్‌తోనూ మూడు మార్గాల్లో సమాధానం రాబట్టవచ్చు.

మొదటిది ఫోన్ చేయడం. కొన్ని నంబర్లకు చేస్తే మనిషి మాట్లాడతారు. మరికొన్నింటికి రికార్డు చేసిన గొంతు వినిపించి, ఏ సేవకు ఏ అంకె నొక్కాలో చెబుతుంది. కంగారు పడకుండా మొత్తం విని, ఆ తర్వాతే అంకె నొక్కాలి.

రెండోది ఎస్సెమ్మెస్. ఆంగ్ల అక్షరాల్లో అయితే ఒక సందేశంలో 160 అక్షరాల వరకు పడతాయి. తెలుగు లిపిలో పంపితే 70 మాత్రమే. గుణింతాలు, ఒత్తులు కూడా లెక్కలోకి వస్తాయి కనుక ఇంకా తక్కువే పట్టినట్టు అనిపిస్తుంది. తెలుగులో వచ్చే సమాచారం రెండు మూడు ముక్కలుగా రావడానికి, పంపేవారికి ఎక్కువ ఖర్చవడానికి ఇదే కారణం.

మూడోది స్టార్‌తో మొదలై హ్యాష్‌తో ముగిసే కోడ్ నొక్కడం. ఇంటర్నెట్ అక్కర్లేదు. ఉదాహరణకు *#06# నొక్కితే ఆ ఫోన్‌కే ప్రత్యేకమైన 15 అంకెల గుర్తింపు సంఖ్య తెరపై కనిపిస్తుంది. ఈ సంఖ్యను ఇప్పుడే ఒక కాగితంపై రాసి భద్రపరచుకోవాలి. ఫోన్ పోయినప్పుడు పోలీసులకు ఫిర్యాదు చేయడానికి, కేంద్ర టెలికాం శాఖ 2023 మే నెలలో ప్రారంభించిన సంచార్ సాథీ వెబ్‌సైట్‌లో ఆ ఫోన్ పనిచేయకుండా నిలిపివేయించడానికి ఇదే ఆధారం. మన పేరుతో ఎన్ని సిమ్‌లు ఉన్నాయో కూడా అక్కడే చూసుకోవచ్చు.

అన్నదాతకు అండగా 1551

రైతుల సందేహాలు తీర్చేందుకు కేంద్ర ప్రభుత్వం 2004 జనవరి 21న కిసాన్ కాల్ సెంటర్‌ను ప్రారంభించింది. తొలినాళ్లలో 1551గా ప్రాచుర్యం పొందిన ఈ సేవ ప్రస్తుతం 1800-180-1551 నంబరులో అందుతోంది. ఉదయం 6 నుంచి రాత్రి 10 గంటల వరకు, ఆదివారాలు, పండుగలతో నిమిత్తం లేకుండా పనిచేస్తుంది. పైసా ఖర్చుండదు. తెలుగులోనే మాట్లాడవచ్చు. ఫోన్ ఎత్తేది వ్యవసాయం, ఉద్యానం, పశుసంవర్ధకం వంటి విషయాలు చదివిన పట్టభద్రులు. వారికి అంతుపట్టని సమస్య అయితే పైస్థాయి నిపుణులతో కలుపుతారు.

ఫోన్ చేసే ముందు కొన్ని వివరాలు సిద్ధం చేసుకోవాలి. పంట, రకం, విత్తి ఎన్ని రోజులైంది, నేల స్వభావం, చివరి తడి ఎప్పుడిచ్చారు, ఇప్పటి వరకు ఏ మందులు చల్లారు అన్నవి చెప్పగలగాలి. తెగులు లక్షణం ముదురు ఆకుల్లో మొదలైందా, లేత ఆకుల్లోనా అన్నది గమనించాలి. ‘పైరు పాడవుతోంది, మందు చెప్పండి’ అంటే ఎంతటి నిపుణుడికైనా సరైన సమాధానం ఇవ్వడం కష్టమే. మందు పేరు, ఎకరాకు మోతాదు, ఎన్ని లీటర్ల నీటిలో కలపాలో రాసుకుని, చదివి వినిపించి, అవుననిపించుకోవాలి. అంకె ఒకటి అటూ ఇటూ అయితే పైరు మాడిపోతుంది.

పశువులకు జబ్బు చేస్తే 1962 నంబరుకు ఫోన్ చేయాలి. తెలంగాణలో 2017లో, ఆంధ్రప్రదేశ్‌లో 2022లో సంచార పశువైద్య వాహనాలు ఈ నంబరుతో అందుబాటులోకి వచ్చాయి.

దేవనకొండ నేర్పిన పాఠం

సరైన చోటు నుంచి వచ్చిన ఒక చిన్న సందేశం ఎంత మేలు చేస్తుందో చెప్పడానికి మన జిల్లాలోనే నిదర్శనం ఉంది. 2016 ఖరీఫ్‌లో ఇక్రిశాట్, మైక్రోసాఫ్ట్ సంస్థలు రాష్ట్ర ప్రభుత్వంతో కలిసి దేవనకొండ మండలంలో ఒక ప్రయోగం చేపట్టాయి. తొలకరి చినుకులు పడగానే వేరుశనగ విత్తడం, తర్వాత వాన ముఖం చాటేస్తే విత్తనం భూమిలోనే ఎండిపోవడం ఈ మెట్ట ప్రాంత రైతుకు ఏటా ఉండే దిగులు. దీనికి పరిష్కారంగా అనేక ఏళ్ల వర్షపాతం లెక్కలు, వాతావరణ అంచనాలు, నేలలోని తేమ ఆధారంగా ఎప్పుడు విత్తాలో లెక్కగట్టి, 175 మంది రైతులకు తెలుగులో ఎస్సెమ్మెస్‌లు పంపారు. అదను వచ్చేదాకా కొన్నాళ్లు ఆగమన్నది అందులోని ప్రధాన సలహా. ఆ సలహా పాటించినవారికి దిగుబడి సగటున 30 శాతం అధికంగా వచ్చిందని నిర్వాహకులు వెల్లడించారు.

ఆ రైతులు కొత్త యంత్రం కొనలేదు, ఫోన్ మార్చలేదు. ‘ఎప్పుడు విత్తాలి’ అన్న ఒక్క ప్రశ్నకు లెక్క తెలిసినవారి నుంచి, వేళకు సమాధానం అందింది. అదే తేడా.

స్మార్ట్‌ఫోన్ ఉన్న రైతులు భారత వాతావరణ శాఖ భాగస్వామిగా 2019లో వచ్చిన మేఘదూత్ యాప్‌లో వాతావరణ సూచనలు, పంట సలహాలు చూసుకోవచ్చు. ప్రతి మంగళ, శుక్రవారాల్లో వీటిని నవీకరిస్తారు. చుట్టుపక్కల పిడుగులు పడుతుంటే హెచ్చరించే దామిని యాప్ సైతం ఉచితమే. పొలాల్లో, చెట్ల కింద పిడుగుపాటుకు కూలీలు, గొర్రెల కాపరులు బలవుతున్న ప్రాంతంలో ఊరికి పదిమంది ఫోన్లలోనైనా ఇది ఉండాల్సిన అవసరం ఉంది.

రైలు, కరెంటు, గ్యాస్

రైల్వేకు సంబంధించిన విచారణ, ఫిర్యాదు, భద్రత, వైద్యసాయం అన్నింటికీ ఇప్పుడు ఒకటే నంబరు, 139. గతంలో భద్రత కోసం విడిగా ఉన్న 182ను సైతం 2021లో ఇందులోనే కలిపేశారు. టికెట్ ఖరారైందో లేదో తెలుసుకోవాలంటే ఆంగ్లంలో పీఎన్‌ఆర్ అని రాసి, ఖాళీ వదిలి, టికెట్‌పై ఉన్న 10 అంకెల సంఖ్యను 139కి ఎస్సెమ్మెస్ చేస్తే చాలు. ఈ సందేశానికి మామూలు కంటే ఎక్కువ రుసుము పడుతుందన్నది గమనించాలి.

కరెంటు పోయినా, ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయినా, తీగ తెగిపడినా 1912కు ఫోన్ చేయాలి. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఇదే నంబరు. బిల్లుపై ఉండే సర్వీసు నంబరు చెబితే ఏ ఊరు, ఏ ఫీడరు అన్నది సిబ్బందికి వెంటనే తెలుస్తుంది. ఫిర్యాదు సంఖ్య అడిగి రాసుకోవడం మరవరాదు. ఆ సంఖ్య లేకుంటే మర్నాడు మళ్లీ మొదటి నుంచి చెప్పుకోవాలి.

వంటగ్యాస్ లీకైతే 1906కు ఫోన్ చేయాలి. అయితే ఇంట్లో నిలబడి కాదు. రెగ్యులేటరు కట్టేసి, తలుపులు, కిటికీలు తెరిచి, ఏ స్విచ్చూ తాకకుండా బయటకు వచ్చాకే ఫోన్ వాడాలి.

కొన్న వస్తువు నాసిరకమైనదైతే, దుకాణదారు పట్టించుకోకుంటే జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రం 1915లో తెలుగులోనే ఫిర్యాదు చేయవచ్చు.

వలస కూలీలకు తెలియాల్సినవి

ఏటా సుగ్గికి గుంటూరు వైపు, పనుల కోసం బెంగళూరు వైపు వెళ్లే కుటుంబాలు పశ్చిమ మండలాల్లో వేలల్లో ఉన్నాయి. ఒకే దేశం - ఒకే రేషన్ కార్డు విధానం కింద ఆహార భద్రత కార్డుదారులు తామున్న చోటే, ఏ రాష్ట్రంలోనైనా, బియ్యమో గోధుమలో తీసుకోవచ్చు. దీనిపై సందేహాలుంటే 14445 నంబరులో అడగవచ్చు. ఈ సంగతి తెలియకనే చాలామంది నెలల తరబడి రేషన్ వదులుకుంటున్నారు.

కంపెనీల్లో, నిర్మాణ పనుల్లో భవిష్యనిధి కోత పడుతున్నవారు తమ ఖాతాకు అనుసంధానమైన సెల్ నుంచి 9966044425కు మిస్డ్ కాల్ ఇస్తే నిల్వ, చివరిసారి జమైన మొత్తం ఎస్సెమ్మెస్‌లో వస్తాయి. రూపాయి ఖర్చుండదు. ఆధార్, పాన్, బ్యాంకు ఖాతాల్లో ఏదో ఒకటి ముందే భవిష్యనిధి ఖాతాతో జతచేసి ఉండాలి. జీతంలో కోత పెట్టి, ఖాతాలో జమ చేయని యజమానిని పట్టుకోవడానికి కార్మికుడి చేతిలో ఉన్న తేలికైన సాధనం ఇది.

బ్యాంకు నిల్వ తెలుసుకోవాలన్నా, ఇంటికి డబ్బు పంపాలన్నా ఇంటర్నెట్ లేని ఫోన్‌లో *99# నొక్కవచ్చు. 2014 ఆగస్టు 28 నుంచి దేశవ్యాప్తంగా ఉన్న ఈ సేవకు గతంలో ఒక్కో వాడకానికి అర్ధరూపాయి వరకు వసూలు చేసేవారు. 2022లో టెలికాం నియంత్రణ సంస్థ ఆ రుసుమును పూర్తిగా ఎత్తివేసింది. డిజిటల్ చెల్లింపులపై అనుమానాలుంటే 14431 నంబరులోని డిజిసాథీని అడగవచ్చు.

వాట్సప్‌లో ప్రభుత్వం

ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2025 జనవరి 30న ‘మన మిత్ర’ పేరుతో వాట్సప్ సేవలను ప్రారంభించింది. 9552300009 నంబరుకు సందేశం పంపితే సేవల జాబితా కనిపిస్తుంది. 161 సేవలతో మొదలై, తర్వాత మరిన్ని చేరాయి. ధ్రువపత్రాలకు దరఖాస్తు, బిల్లుల చెల్లింపు, ఆలయాల్లో దర్శనం టికెట్ల వంటివి ఇందులో ఉన్నాయి. ఈ నంబరును ఫోన్‌లో పేరు పెట్టి భద్రపరచుకోవడం మంచిది. ఇదే పేరు, ఇదే బొమ్మతో మరో నంబరు నుంచి సందేశం వస్తే అది మోసమేనని భావించాలి.

ప్రాణం మీదికి వస్తే

అత్యవసర వేళ జవాబు కోసం వెతికే సమయం ఉండదు. నంబరు నోటికి వచ్చి ఉండాలి. 2005 ఆగస్టు 15న ఉమ్మడి రాష్ట్రంలో మొదలైన 108 అంబులెన్స్ సేవ తర్వాత అనేక రాష్ట్రాలకు ఆదర్శమైంది. పోలీసు, అగ్నిమాపక, వైద్యసాయాలన్నింటికీ కలిపి దేశమంతటా 112 పనిచేస్తుంది. ఆరోగ్య సలహాకు 104, ఆపదలోని మహిళలకు 181, బాలలకు 1098, వృద్ధులకు 14567 ఉన్నాయి. మనసు కుంగిపోయి, అప్పుల బాధతో దిక్కుతోచని స్థితిలో ఉన్నవారు టెలిమానస్ 14416కు ఏ వేళలోనైనా ఫోన్ చేసి తెలుగులో మాట్లాడవచ్చు.

ఇలాంటి నంబర్లకు ఫోన్ చేసినప్పుడు ముందుగా చెప్పాల్సింది ఏం జరిగిందన్నది కాదు, ఎక్కడ జరిగిందన్నది. ఊరు, మండలం, దగ్గర్లోని గుడో బడో చెప్పాలి. ఒకే పేరుతో రెండు మూడు ఊళ్లుంటాయి కనుక మండలం పేరు తప్పనిసరి. మాట మధ్యలో లైను తెగిపోయినా వాహనం బయలుదేరడానికి ఆ ఒక్క వివరం చాలు.

మోసం పొంచి ఉన్నది ఇక్కడే

గ్యాస్ బుకింగ్ కాలేదనో, పంపిన డబ్బు చేరలేదనో అంతర్జాలంలో ‘కస్టమర్ కేర్ నంబరు’ కోసం వెతకడం చాలామందికి అలవాటు. మోసగాళ్లు సరిగ్గా అక్కడే కాచుకుని ఉంటారు. పేరున్న సంస్థల పేరిట సొంత సెల్ నంబర్లను ప్రకటనల్లో, మ్యాపుల్లో చొప్పిస్తారు. ఫోన్ చేసినవారితో మర్యాదగా మాట్లాడి, ఏదో ఒక యాప్ వేసుకోమంటారు. అది మన ఫోన్ తెరను వారికి చూపించే యాప్. ఆపై ఓటీపీ మనం చెప్పనక్కర్లేదు, వారే చదువుకుంటారు.

పీఎం కిసాన్ సొమ్ము, వాహనం చలానా, పెళ్లి శుభలేఖ అంటూ వాట్సప్‌లో వచ్చే ఏపీకే ఫైళ్లదీ ఇదే తంతు. వాటిని తెరిస్తే మన సందేశాలన్నీ పరుల పాలవుతాయి. ప్రభుత్వ శాఖలు, బ్యాంకులు ఇలా ఫైళ్లు పంపవు.

స్టార్, హ్యాష్ కోడ్‌లతోనూ జాగ్రత్త అవసరం. *401* అని మొదలుపెట్టి ఒక సెల్ నంబరు కలిపి నొక్కమని ఎవరైనా చెబితే వినకూడదు. అలా నొక్కితే మనకు వచ్చే ఫోన్‌లన్నీ వారికి మళ్లిపోయే ప్రమాదముంది. ఇలాంటి మోసాలు పెరగడంతో, కోడ్ ద్వారా కాల్ మళ్లించే సదుపాయాన్ని 2024 ఏప్రిల్ 15 నుంచి నిలిపివేయాలని టెలికాం శాఖ కంపెనీలను ఆదేశించింది. అయినా తెలియని కోడ్ నొక్కకపోవడమే ఉత్తమం.

సొమ్ము పోయిందని గుర్తించిన మరుక్షణం 1930కి ఫోన్ చేయాలి. డబ్బు ఒక ఖాతా నుంచి మరో ఖాతాకు దూకుతూ పోతుంది. అది చేతులు మారకముందే సమాచారం అందితే మధ్యలో నిలిపివేయించవచ్చు. సిగ్గుపడి, ఇంట్లో తిడతారని భయపడి, తెల్లవారాక చూద్దామనుకుంటే ఆ అవకాశం పోతుంది. లావాదేవీ సంఖ్య, సమయం, మొత్తం దగ్గర పెట్టుకుని మాట్లాడాలి.

యంత్రం చెప్పిన మాట

2022 నవంబరులో చాట్‌జీపీటీ వచ్చాక యంత్రాన్నే తెలుగులో ప్రశ్నించడం అలవాటవుతోంది. ఏ ప్రశ్నకైనా అది తడుముకోకుండా జవాబిస్తుంది. దరఖాస్తు రాయడానికి, కఠినమైన నోటీసును తేలిక భాషలో వివరింపజేసుకోవడానికి బాగా పనికొస్తుంది. కానీ తెలియని విషయాన్ని సైతం తెలిసినంత ధీమాగా చెప్పడం దాని లోపం. పురుగుమందు మోతాదు, బిడ్డకు వేసే మాత్ర, పథకం గడువు తేదీ వంటివాటిలో దాని మాటనే తుది మాటగా తీసుకోరాదు. అది చెప్పింది విని, ఆపై 1800-180-1551నో, 104నో, సచివాలయ సిబ్బందినో అడిగి నిర్ధారించుకోవాలి. అడిగితే అయ్యే ఖర్చేమీ లేదు. అడగకుంటే పోయేది పంట, ప్రాణం.

పరిమితులూ ఉన్నాయి

ఫోన్‌లో వచ్చిన సమాధానం అన్నిచోట్లా చెల్లుబాటు కాదు. పొలం హద్దు తగాదా, పింఛను రద్దు, పరిహారం వంటి విషయాల్లో రాతపూర్వక దరఖాస్తు, దానికి రసీదు ఉండాల్సిందే. కొండ అంచు గూడేల్లో సిగ్నల్ అందక 108కి ఫోన్ చేయడానికీ గట్టు ఎక్కాల్సిన పరిస్థితి ఇంకా ఉంది. ఇంటికి ఒకే ఫోన్ ఉండి, అది మగవారి జేబులో పొలానికో, పట్టణానికో వెళ్లిపోతే ఇంట్లోని మహిళకు ఈ నంబర్లన్నీ ఉండీ లేనట్టే.

అందుకే ఈ నంబర్లు ఫోన్‌లో ఉంటే సరిపోదు. చార్జింగ్ అయిపోవచ్చు, ఫోనే పోవచ్చు. 112, 108, 1930, 1912, 1800-180-1551, 1962... ఈ ఆరింటినీ పెద్ద అక్షరాల్లో రాసి, గోడ మీది క్యాలెండరు పక్కన అతికించాలి. చదువుకునే పిల్లలు ఇంట్లోని పెద్దలకు, ఇరుగుపొరుగుకు ఒకసారి చదివి వినిపించాలి. ఎప్పుడు ఏ ప్రశ్న ఎదురైనా, ఎవరో పంపిన నంబరు కోసం వెతకకుండా ఆ గోడ వైపు చూస్తే చాలు.